పేగు గోడ వదులైనప్పుడు



కొన్ని నెలల క్రిందట ఒక సహోదరి మాకు నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. పేరు, ఊరు అచ్చు వేయవద్దని కోరారు. ఆమె కుమార్తె తొమ్మిదో తరగతి చదువుతోంది. ఏడాదిగా ఆ పిల్లకు కడుపు ఉబ్బరం, తరచు విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టకపోవడం. ముందు నులిపురుగుల మందు వేశారు. తరువాత ఎవరో గ్యాస్ అంటే ఆ మాత్రలు వాడారు. చివరికి బంధువుల మాట మీద పట్నంలో ఒకచోటికి తీసుకువెళ్ళారు. అక్కడ రక్తం తీసి, పది రోజుల తరువాత ఎరుపు, పసుపు, పచ్చ రంగులు వేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. "మీ పాపకు లీకీ గట్ ఉంది. పేగుకు చిల్లులు పడ్డాయి. తిన్నదంతా వాటిలోనుండి రక్తంలోకి కారుతోంది. అన్ని జబ్బులకూ ఇదే మూలం" అన్నారట. గోధుమ, పాలు, పెరుగు, గ్రుడ్డు, పప్పు, వేరుశెనగ మానిపించారు. నెలకు నాలుగు వేల రూపాయల పొడులు ఇచ్చారు. ఐదు నెలలు గడిచేసరికి పిల్ల 38 కిలోల నుండి 34 కిలోలకు దిగింది.

"అన్నం, సొరకాయ తప్ప ఏమీ పెట్టడం లేదండీ. పప్పు తాలింపు వాసన వస్తే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడుతుంది. ఈ చిల్లులు ఎప్పటికి పూడుతాయి?" అని ఆ తల్లి అడిగారు.

ఆమెకు మేము వెంటనే పోస్టులో జవాబు వ్రాశాము. దాని సంగతి చివర చెబుతాము. ఇదే మాట అడుగుతూ మరికొన్ని ఉత్తరాలు కూడా వచ్చాయి గనుక ఈ నెల శీర్షిక దీనికే కేటాయించాము.

మొదట ఆ "చిల్లు" అనే మాటను సరిచేసుకుందాము. మన పల్లెల్లో పేగుకు చిల్లు పడిందంటే పెద్దలకు బాగా తెలుసు. టైఫాయిడ్ జ్వరం ముదిరి రెండు మూడు వారాలు దాటాక ఒక్కొక్కసారి పేగులో పుండు పగిలి నిజంగానే రంధ్రం పడుతుంది. కడుపు చెక్కలా బిగుసుకుపోతుంది. ఆ పూటే ఆపరేషన్ చేయకపోతే మనిషి దక్కడు. లీకీ గట్ అనేది అది కాదు. నడుస్తూ, బడికి వెళుతూ ఉన్న పిల్లకు పేగులో చిల్లులున్నాయని చెప్పడం తల్లిని బెదరగొట్టడమే. ఇక్కడ జరిగేది రంధ్రం పడటం కాదు, గోడ వదులు కావడం.

ఆ గోడ ఎటువంటిదో చూద్దాము. చిన్నపేగు పొడవు సుమారు 6 మీటర్లు. లోపలి తట్టు నున్నగా ఉండదు. కొత్త టర్కీ తువాలు మీద నూలు పోగులు లేచి ఉన్నట్లు లక్షలాది సన్నని మొలకలు లేచి ఉంటాయి. ఈ మడతలు, మొలకలు అన్నీ సాపుగా పరిస్తే టెన్నిస్ మైదానమంత అవుతుందని పాఠ్యపుస్తకాలలో చాలాకాలం వ్రాశారు. మేమూ ఒకప్పుడు ఈ శీర్షికలో అలాగే వ్రాశాము. 2014లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఇద్దరు మళ్ళీ కొలిచి లెక్కవేస్తే జీర్ణకోశం మొత్తం లోపలి వైశాల్యం 32 చదరపు మీటర్లకు మించదని తేలింది. మన రెండు గదుల ఇంటి నేలంత. ఇంత వైశాల్యానికీ పైపూతగా ఉన్నది ఒకే ఒక్క వరుస కణాలు. ఇటు ప్రక్క అన్నం, నీళ్ళు, కోట్లాది సూక్ష్మజీవులు. అటు ప్రక్క మన రక్తం. మధ్యలో ఆ ఒక్క వరుస, దాని మీద కాస్త జిగురు. ఆ కణాలు కూడా నాలుగైదు రోజులకు ఒకసారి రాలిపోయి వాటి స్థానంలో కొత్తవి వస్తూ ఉంటాయి.

కణానికీ కణానికీ మధ్య సందును మూసి ఉంచే బిగింపులను 1963లో మేరిలిన్ ఫర్కర్, జార్జ్ పలాడే అనే శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూచి వివరించారు. ఇటుకల మధ్య సున్నంలాంటివి అనుకోండి. అయితే ఇది ఒకసారి గట్టిపడి ఊరుకునే సున్నం కాదు. అవసరాన్నిబట్టి కొంచెం వదులవుతుంది, మళ్ళీ బిగుస్తుంది. నీరు, కొన్ని లవణాలు ఆ సందులనుండే పోతాయి. కాబట్టి ఏమీ కారని పేగు అంటూ ఎవరికీ లేదు. ఎంత కారుతోంది, ఎందుకు కారుతోంది అన్నవే ప్రశ్నలు.

ఎంత కారుతోందో కొలవడానికి శాస్త్రజ్ఞులు ఒక తెలివైన ఉపాయం కనిపెట్టారు. రెండు రకాల చక్కెరలను నీటిలో కలిపి పరగడుపున త్రాగిస్తారు. ఒకటి మానిటాల్, చిన్న అణువు. ఆరోగ్యమైన పేగు దానిని కొంతవరకు లోనికి తీసుకుంటుంది. రెండవది లాక్టులోజ్. మలబద్ధకానికి సీసాలో ఇచ్చే తియ్యని మందే అది. దాని అణువు పెద్దది గనుక కణాల మధ్య బిగింపు వదులైతేనే లోపలికి జారుతుంది. ఈ రెండింటినీ శరీరం పెద్దగా ఖర్చు చేసుకోదు, రక్తంలో చేరినది చేరినట్లే మూత్రంలోకి వచ్చేస్తుంది. కొన్ని గంటలపాటు మూత్రం పట్టి రెండూ ఎంతెంత ఉన్నాయో చూస్తారు. పరిశోధనలలో ఇది ఎన్నో ఏళ్ళుగా వాడుకలో ఉంది. కాని ఒక మనిషికి చేసి "నీకు ఈ రోగం ఉంది" అని తేల్చడానికి దీనికి అందరూ ఒప్పుకున్న హద్దులు లేవు. మందుల దుకాణాల్లోనూ, ఫోను ప్రకటనల్లోనూ అమ్మే పరీక్షలు చాలావరకు ఇది కూడా కావు.

పేగు గోడ వదులు కావడం నిజమేనా అంటే, నిజమే. అందులో సందేహం లేదు. 1984లో ఇంగ్లండులో కీళ్ళవాతపు రోగులను పరిశీలించిన వైద్యులు ఒక విషయం గమనించారు. పేగు వదులు కావడానికి కారణం ముఖ్యంగా ఆ వాతం కాదు, దానికి వాడుతున్న నొప్పుల మాత్రలు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ఆ కోవలోవే. విపరీతంగా సారాయి త్రాగేవారిలో కూడా ఇదే స్థితి అదే సంవత్సరం కనుగొన్నారు. ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేము. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో చీటీ లేకుండా పది మాత్రల పట్టీ కొని, రోజుకు రెండేసి, ఏళ్ళ తరబడి మ్రింగే పెద్దవారు మన సంఘాల్లో ఎంతమంది! మా ఇంటి పెద్దావిడ కూడా అలాగే వాడి, ఒకనాడు విరేచనం తారులా నల్లగా అయితే గాని మాకు చెప్పలేదు. రెండు సీసాల రక్తం ఎక్కించవలసి వచ్చింది. లీకీ గట్ అని భయపడి పొడులు కొనే ఇంటిలోనే ఆ పట్టీలు కూడా ఉండటం మేము చూచాము.

గోధుమ సంగతి వేరు. సీలియాక్ అనే వ్యాధి ఉన్నవారికి గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు పడదు. వారి శరీరమే పేగు మొలకలను నాశనం చేస్తుంది. గోడ వదులవుతుంది, తిన్నది ఒంటబట్టదు. హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డిక్కె ఏళ్ళ తరబడి పిల్లలను గమనించి, దోషం గోధుమలో ఉందని 1950లో తన సిద్ధాంత గ్రంథంలో చూపించాడు. మన దేశంలో 2016లో వెలువడిన పెద్ద పరిశీలన ప్రకారం ఉత్తర భారతంలో నూటికి ఒకరికి కొంచెం పైగా, దక్షిణాదిన వెయ్యికి ఒకరి చొప్పున ఈ వ్యాధి కనబడింది. మనకు అరుదే గాని లేకపోలేదు. మనం అన్నం తినేవాళ్ళం గదా అనుకోవద్దు. ఉప్మా రవ్వ, సేమియా, బిస్కట్టు, రస్కు, మైదా పరోటా అన్నీ గోధుమే. డబ్బాలో వచ్చే ఇంగువ పొడిలో కూడా చాలాసార్లు గోధుమపిండి కలుపుతారు.

సీలియాక్ ఉన్న మనిషి గోధుమ పూర్తిగా మానితే ఏ పొడీ లేకుండానే పేగు మొలకలు మళ్ళీ మెల్లగా లేస్తాయి. బాగుపడటం ఆ గోడకు తెలుసు. కారణం తొలగించడమే మనం చేయవలసినది. ఆ కారణం ఏమిటో కనుక్కోకుండా "గోడకు మందు" అమ్మడం దగ్గరే మాకు అభ్యంతరం.

అయితే కారణం తొలగించడం అన్నిసార్లూ అంత సులభం కాదు. దీనికి మనకు దగ్గరలోనే, వేలూరులో, పెద్ద చరిత్ర ఉంది. మన పెద్దలు రాయవేలూరు అనేవారు. 1900లో డాక్టర్ ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యం ఇప్పుడు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిగా ఉంది. చిత్తూరు మొదలుకొని మనవాళ్ళు ఎందరో అక్కడికి వెళ్ళివచ్చినవారే. 1960 దశకంలో చుట్టుప్రక్కల గ్రామాలలో స్ప్రూ అనే విరేచనాల జబ్బు ప్రబలినప్పుడు అక్కడి డాక్టర్ బేకర్, డాక్టర్ మాథన్ మొదలైనవారు పేగులోనుండి సన్నని ముక్కలు తీసి పరిశీలించారు. వారిని ఆశ్చర్యపరచింది రోగుల పేగు కాదు. ఏ జబ్బూ లేదనుకున్న మామూలు గ్రామస్థుల పేగు కూడా పాశ్చాత్య దేశాల పుస్తకాలలోని బొమ్మల్లా లేదు. మొలకలు వ్రేళ్ళలా పొడవుగా ఉండవలసినవి పొట్టిగా, వెడల్పుగా ఉన్నాయి.

ఇది జాతి లక్షణమా? కాదు. పుట్టినప్పుడు అన్ని దేశాల బిడ్డల పేగూ ఒకలాగే ఉంటుంది. మార్పు ఆ తరువాతి నెలల్లో వస్తుంది. ఆ కాలంలోనే అప్పటి పాకిస్తానుకు సేవకై వచ్చిన అమెరికా యువతీయువకులలో కూడా ఇటువంటి మార్పులే కనిపించాయి. వారు స్వదేశం తిరిగి వెళ్ళాక నెలలు గడిచేకొద్దీ పేగు మళ్ళీ బాగుపడింది. అంటే తేడా రక్తంలో లేదు, నీటిలో, మట్టిలో, పరిసరాలలో ఉంది. పెద్ద జబ్బేమీ చేయకుండానే రోజూ కొంచెం కొంచెంగా నోట్లోకి పోయే మలినం పేగు గోడను వాచిపోయేలా చేస్తుంది, వదులు చేస్తుంది.

పెద్దవారికి ఇది తెలియను కూడా తెలియదు. కష్టమంతా రెండేళ్ళలోపు పిల్లలకు. తిన్న తిండి ఎదుగుదలకు పోవలసింది పోయి ఆ వాపుతో పోరాటానికి ఖర్చవుతుంది. పిల్ల పొట్టిగా ఉండిపోతుంది. నోటిలో వేసే పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు మన దేశాల పిల్లలలో ధనిక దేశాలలో కంటే తక్కువగా పనిచేయడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చని శాస్త్రజ్ఞులు అనుమానిస్తున్నారు. 2009 తరువాత ఎనిమిది దేశాలలో పసిపిల్లలను పుట్టిననాటి నుండి వెంబడించి చూచిన పెద్ద పరిశోధనలో వేలూరు బస్తీలు కూడా ఒక కేంద్రం. అక్కడి పసివాళ్ళకు కూడా పైన చెప్పిన రెండు చక్కెరల పరీక్ష చేశారు.

మరి శుభ్రమైన నీరు, మరుగుదొడ్డి, సబ్బు ఇస్తే గోడ బిగుసుకుని పిల్లలు పొడవు పెరగాలి గదా? అందరూ అలాగే ఆశించారు, మేము కూడా. బంగ్లాదేశ్, కెన్యా దేశాలలో జరిగిన పరీక్షల ఫలితాలు 2018లోనూ, జింబాబ్వేవి 2019లోనూ వచ్చాయి. దొడ్లు కట్టించి, నీటికి క్లోరిన్ ఇచ్చి, చేతులు కడుక్కోవడం నేర్పించినా పిల్లల పొడవులో తేడా రాలేదు. అదనపు పోషకాహారం ఇచ్చిన చోట మాత్రం కొద్దిపాటి పెరుగుదల కనిపించింది. దీనర్థం దొడ్లు వృథా అని కాదు. బంగ్లాదేశ్‌లో విరేచనాలు తగ్గాయి కూడా. ఇంటి ముంగిట మట్టిలో కోళ్ళు, మేకలు తిరిగేచోట, పసివాడు ప్రాకి అదే చేయి నోట్లో పెట్టుకునేచోట, ఇంటికొక దొడ్డి చాలదని అర్థం. ఊరంతా మారాలి, గొట్టపు నీరు ఇంటిలోకి రావాలి. అది ఒక తల్లి చేతిలో ఉన్న పని కాదు, పంచాయతీ పని, ప్రభుత్వం పని.

తల్లి చేతిలో ఉన్నది ఒకటుంది. అప్పుడే పుట్టిన బిడ్డ పేగు గోడ, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డది, ఎక్కువ వదులుగా ఉంటుంది. తల్లిపాలు దానిని బిగించడానికి తోడ్పడతాయి. ముర్రుపాలు రక్షక పదార్థాలతో చిక్కగా ఉంటాయి. వాటిని పిండి పారబోసి తేనె నాకించే అత్తలు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని మానండి.

ఇప్పుడు ఆ రంగుల కాగితం సంగతి. 1990లలో అమెరికాలోని మేరీలాండులో కలరా టీకా కొరకు శ్రమిస్తున్న డాక్టర్ అలెస్సియో ఫసానో, కలరా క్రిమి చేసే ఒక విషం కణాల మధ్య బిగింపును సడలిస్తుందని కనుగొన్నాడు. అటువంటి పనే చేసే పదార్థం మన శరీరంలో కూడా ఉందని 2000లో ప్రకటించి దానికి జోన్యులిన్ అని పేరు పెట్టాడు. అది గొప్ప ఆలోచన. వెంటనే జోన్యులిన్ కొలిచే కిట్లు అంగట్లోకి వచ్చాయి. 2018లో జర్మనీ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూస్తే బాగా వాడుకలో ఉన్న కిట్ ఒకటి కొలుస్తున్నది జోన్యులిన్‌నే కాదు, వేరే పదార్థాన్ని! పేగు బిగింపును కాపాడుతుందని సీలియాక్ రోగులకు ఇచ్చి చూచిన లారాజోటైడ్ అనే మందు కూడా చివరి దశ పరీక్షలలో ఆశించిన మేలు కనబడేటట్లు లేదని 2022లో ఆపివేశారు. ఇక ఏయే తిండి పడదో రంగులతో చూపే రక్తపరీక్షలు చాలావరకు ఐజిజి అనే ప్రతిరక్షకాలను కొలుస్తాయి. మనం రోజూ తినే వాటికి అవి సహజంగానే ఉంటాయి. పప్పుకు ఎర్ర రంగు వచ్చిందంటే ఆ పిల్ల పప్పు తిన్నదని అర్థం, అంతే. అలర్జీ వైద్యుల సంఘాలు ఈ పరీక్ష చేయించుకోవద్దని ఏనాడో చెప్పాయి.

న్యాయంగా మరొకవైపు కూడా చెప్పాలి. క్రోన్స్ వ్యాధిగ్రస్తుల తోబుట్టువులు, పిల్లలలో కొందరికి వ్యాధి రాకముందే పేగు వదులుగా ఉన్నదని, అట్టివారికి తరువాత వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువని 2020లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన చూపింది. విరేచనాల జబ్బు తగ్గాక కూడా కడుపు కుదురుకోని కొందరికి గ్లుటమిన్ పొడి మేలు చేసినట్లు 2019లో ఒక చిన్న పరీక్షలో తేలింది. కాబట్టి ఇదంతా బూటకమని మేము అనము. కాని చక్కెర వ్యాధి, కీళ్ళవాతం, చర్మవ్యాధులు, పిల్లల బుద్ధిమాంద్యం అన్నిటికీ ఇదే మూలమని, గోడను బిగిస్తే అవన్నీ పోతాయని చెప్పడానికి ఇప్పటివరకు ఋజువు లేదు.

తిండి విషయంలో మా సలహా సాదాగా ఉంటుంది. పేగులోని మంచి సూక్ష్మజీవులకు పీచు కావాలి. 2016లో ఎలుకలకు పీచు లేని తిండి పెట్టి చూస్తే ఆ సూక్ష్మజీవులు ఆకలికి పేగు గోడ మీది జిగురునే తినడం మొదలుపెట్టాయి. మనుషులలో సరిగ్గా అంతే జరుగుతుందని చెప్పలేము గాని, పప్పు, ఆకుకూరలు, రాగి, జొన్న, చిక్కుళ్ళు మాని పొడులు తినడం తిరకాసు వైద్యమని మాత్రం చెప్పగలము. పెరుగన్నం, చద్దన్నం పడితే తినండి. వాటికి మహిమలు అంటగట్టవద్దు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. సీలియాక్ అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించేవరకు గోధుమ మానవద్దు. ముందే మానితే పరీక్షలో వ్యాధి దాక్కుంటుంది, మళ్ళీ కొన్ని వారాలు గోధుమ తిని చేయించుకోవాలి. బరువు తగ్గుతున్నా, సాయంత్రం జ్వరం వస్తున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా, రాత్రి నిద్రలేచి దొడ్డికి పరుగెత్తవలసి వస్తున్నా, పిల్ల ఎదగకపోయినా, ఏ పేరూ పెట్టుకోకుండా ముందు పెద్దాసుపత్రిలో జీర్ణకోశ వైద్యునికి చూపించండి.

ఆ సహోదరికి మేము వ్రాసింది కూడా ఇదే. పొడులు ఆపి, పప్పు, గ్రుడ్డు తిరిగి పెట్టి, ఆ వారంలోనే పిల్లను జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్ళమన్నాము. సాయంత్రం ఒళ్ళు వెచ్చబడుతోందా అని కూడా అడిగాము. మొన్న రెండవ ఉత్తరం వచ్చింది. వెచ్చబడుతున్నదట, ఎండకు అనుకున్నారట. కెమెరా గొట్టంతో చూచి, చిన్నపేగు చివర పుండ్లనుండి ముక్క తీసి పరీక్షిస్తే క్షయ అని తేలింది. క్షయ అంటే ఊపిరితిత్తులకే అని ఆమె అనుకున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. మందులు ఆరు నెలలు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఆహారానికి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుండి 1000 చేశారు.

మందులు మొదలుపెట్టి రెండు నెలలయింది. పిల్ల 37 కిలోలకు వచ్చింది. రోజూ రెండు పూటలా పప్పు తింటోందట. ఇప్పుడు ఆమె రెండు ప్రశ్నలు అడిగారు: జ్వరం తగ్గింది గదా, మాత్రలు ఇక ఆపవచ్చా? ఆవకాయ పెట్టవచ్చా?

ఆవకాయ కొద్దిగా పెట్టండి అమ్మా, మంట అనిపిస్తే కొన్నాళ్ళు ఆగండి. మాత్రలు మాత్రం డాక్టరుగారు చెప్పేవరకు ఒక్క రోజు కూడా ఆపవద్దు. కళ్ళు పచ్చబడినా, వాంతులు పట్టుకున్నా, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి చూపించండి.